పైలోనిడల్ సైనస్: ఆపరేషన్ ఒక గంట, పుండు మానడానికి నెలలు

మీరు రాసినది క్లుప్తంగా ఇది. మీ తమ్ముడికి 22 ఏళ్ళు. పిరుదుల మధ్య గీత మొదలయ్యే చోట, తోక ఎముక మీద, రెండు నెలల క్రితం గడ్డ లేచింది. కోసి చీము తీశారు, తగ్గింది. ఇప్పుడు మళ్ళీ అక్కడే తడి, రసి, లోదుస్తుల మీద మరకలు. ఒక సర్జన్ మొత్తం కోసి తీసేసి కుట్లు వేయకుండా వదిలేస్తామన్నారు. ఇంకొకరు పక్క చర్మం తిప్పి కుడతామన్నారు. మూడో చోట లేజర్‌తో ఒక్క రోజులో ఇంటికి పంపిస్తామన్నారు. ఏది చేయించాలి, తర్వాత డ్రెస్సింగ్ ఇంట్లో మీరే చేయగలరా, పది వారాల్లో ఉన్న పరీక్షలో అతను మూడు గంటలు కూర్చోగలడా అని అడిగారు.

నేను డాక్టర్ని కాదు. సర్జరీ వార్డులో నర్సుని, ఉద్యోగంలో ఎక్కువ కాలం డ్రెస్సింగ్ రూములోనే గడిచింది. ఆపరేషన్ ఎలా చేయాలో నేను చెప్పకూడదు. కానీ ఆపరేషన్ అయిన ఆరో రోజున, నలభయ్యో రోజున ఆ పుండు ఎలా ఉంటుందో బాగా తెలుసు. సర్జన్ గారు వారానికోసారి చూస్తారు, మేం రోజూ చూస్తాం. కాబట్టి ఆ వైపు నుంచే చెప్తాను.

మీ తమ్ముడికి వచ్చిన ఈ పైలోనిడల్ సైనస్‌ని సిస్టు అంటారు గానీ నిజంగా సిస్టు కాదు. సిస్టుకి సొంత సంచి ఉంటుంది, సంచి మొత్తంగా ఊడి వస్తే పని అయిపోతుంది. ఇక్కడ ఉండేది చర్మం కింద ఒక బొరియ. పైన నడి గీతలో సూది బెజ్జాల్లాంటి గుంటలు ఒకటో రెండో కనిపిస్తాయి. లోపల చీము, పచ్చికండ, చాలాసార్లు ఒక వెంట్రుకల కుచ్చు. పైలోనిడల్ అనే పేరు 1880లో హోడ్జెస్ అనే వైద్యుడు పెట్టాడు, లాటిన్‌లో వెంట్రుకల గూడు అని అర్థం. మా డ్రెస్సింగ్ రూములో ఆ గూడుని ఫోర్సెప్స్‌తో బయటికి లాగడం చూసినవాళ్ళెవరూ ఆ పేరు మర్చిపోరు.

ఆ వెంట్రుకలు పుట్టుకతోనే లోపల ఉండిపోయాయని చాలాకాలం అనుకున్నారు. అందుకే పాతరోజుల్లో ఎముక దాకా తోడేసేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో దాదాపు 80,000 మంది అమెరికా సైనికులు దీనితో ఆసుపత్రి పాలయ్యారు. గంటల తరబడి జీపుల్లో కుదుపుల మీద తిరిగేవారు కాబట్టి జీపు జబ్బు అన్నారు. పుట్టుకతో వచ్చేదైతే జీపెక్కిన తర్వాతే ఎందుకు బయటపడుతుంది? 1946లో పేటీ, స్కార్ఫ్ అనే ఇద్దరు వెంట్రుక బయటి నుంచే లోపలికి దూరుతుందని వాదించారు. జుట్టు కత్తిరించే వృత్తిలో ఉన్నవాళ్ళకి వేళ్ళ సందుల్లో కూడా ఇదే జబ్బు వస్తుంది. వేళ్ళ సందుల్లో వెంట్రుకలు మొలవవు కదా, అవి వేరేవాళ్ళ తల వెంట్రుకలు.

వరి కంకి మీసం చొక్కా చేతిలో పడితే ఎటు కదిలించినా పైకే పాకుతుంది, వెనక్కి రాదు. వెంట్రుక మీద కూడా కంటికి కనపడని పొలుసులు ఒకే వైపుకి ఉంటాయి. పిరుదుల మధ్య చీలిక లోతుగా, చెమటగా ఉండి, కూర్చున్నప్పుడల్లా రాసుకుంటూ ఉంటే, అందులో రాలిపడిన వెంట్రుక అలాగే పాకుతూ చర్మంలోకి దిగుతుంది. ఈ గూళ్ళలో దొరికిన వెంట్రుకల్ని పరీక్షించి చూస్తే చాలా వరకు కత్తిరించిన కొసలున్న, తల మీద నుంచి వీపు వెంట జారిన చిన్న ముక్కలేనని తేలింది. ఇది చదివిన దగ్గర్నుంచి నేను ప్రతి పేషెంటుకీ చెప్పేది, జుట్టు కత్తిరించుకున్న రోజు ఇంటికి రాగానే తల నుంచి కింది దాకా నీళ్ళు పోసుకోమని. ఖర్చు లేని జాగ్రత్త.

ఇది శుభ్రత లేకపోవడం వల్ల వచ్చే జబ్బు కాదని మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి. 15 నుంచి 40 ఏళ్ళ మధ్య, ఆడవాళ్ళలో కంటే మగవాళ్ళలో మూడు నాలుగు రెట్లు ఎక్కువగా వస్తుంది. ఒత్తయిన వెంట్రుకలు, లోతైన చీలిక, అధిక బరువు, ఎక్కువసేపు కూర్చునే పని, వీటిలో ఏవో రెండు కలిస్తే చాలు. సిగ్గుపడి నెలల తరబడి దాచుకుని, లోదుస్తుల్లో టిష్యూ పేపరు పెట్టుకుని తిరిగే కుర్రాళ్ళని ఎంతమందిని చూశానో. మీ తమ్ముడు మీకు చెప్పాడంటే అదే సగం నయం.

ఇక రెండు నెలల క్రితం జరిగింది వైద్యంలో మొదటి మెట్టు మాత్రమే. గడ్డ కట్టి, నొప్పి, జ్వరం ఉన్నప్పుడు కోసి చీము వదలాల్సిందే, మాత్రలతో కరగదు. చుట్టూ చర్మం ఎర్రగా వాచి పాకుతున్నప్పుడు, లేదా షుగర్ లాంటి ఇబ్బందులున్నప్పుడు యాంటీబయాటిక్ తోడుగా ఇస్తారు. చీము పోతే కొందరికి అంతటితో ఆగిపోతుంది, కానీ గుంటలూ బొరియా వెంట్రుకలూ అలాగే ఉంటే చాలామందికి మళ్ళీ వస్తుంది. మీకు జరిగింది అదే. మొదటి డాక్టర్ సరిగ్గా చేయలేదని అనుకోకండి. వాపు ఉన్నప్పుడు అసలు ఆపరేషన్ చేస్తే ఎంత తీయాలో తెలియదు, అందుకే చల్లారే దాకా కొన్ని వారాలు ఆగి చేస్తారు. మరో సంగతి, ఏ బాధా లేకుండా గుంట మాత్రం కనిపిస్తే ఆపరేషన్ అక్కర్లేదు, అక్కడి వెంట్రుకలు తీసుకుంటూ ఉంటే చాలు. మీ తమ్ముడిది ఆ దశ దాటింది.

ముగ్గురు సర్జన్లు మూడు మాటలు చెప్పారని టెన్షన్ పడకండి. ఈ జబ్బుకి అందరికీ సరిపోయే ఒక్క ఆపరేషన్ అంటూ లేదు. మీరు వాళ్ళని అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒకటుంది: కోత ఎక్కడ పడుతుంది, నడి గీతలోనా, పక్కకా?

ఎందుకంటే నడి గీత చర్మం మానడానికి పరమ చెడ్డ చోటు. గాలి ఆడదు, చెమట ఆరదు, లేచినా కూర్చున్నా రెండు పక్కలకీ లాగుతుంది, కింద మలద్వారం పక్కనే ఉంటుంది. అక్కడే కోసి అక్కడే నిటారుగా కుట్టేస్తే చూడటానికి నీటుగా ఉంటుంది, వారం పది రోజుల్లో మధ్యలో విచ్చుకోవడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. పరిశోధనలన్నీ కలిపి చూసినా ఇదే మాట: కుట్టేటట్లయితే కుట్లు నడి గీతకి పక్కన పడాలి. కాబట్టి ఎవరైనా 'మధ్యలో కోసి నేరుగా కుట్టేస్తాం' అంటే ఇంకొకరి అభిప్రాయం కూడా తీసుకోండి.

మొదటి సర్జన్ చెప్పినది ఓపెన్ పద్ధతి. జబ్బున్న భాగం తీసేసి గుంతని అలాగే వదిలేస్తారు, అది అడుగు నుంచి కండ పట్టుకుంటూ పైకి పూడుతుంది. ఆపరేషన్ సులువు, మధ్యలో కుట్టిన దానికంటే మళ్ళీ వచ్చే అవకాశం తక్కువ. మూల్యం కాలం. చిన్న గుంతకి ఆరు వారాలు, పెద్దదానికి మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అన్నాళ్ళూ రోజూ డ్రెస్సింగ్. ఇంట్లో ఓపికగా చేసేవాళ్ళో, దగ్గర్లో డ్రెస్సింగ్ సెంటరో లేకపోతే ఈ పద్ధతి మంచిదైనా మీకు మంచిది కాకపోవచ్చు.

రెండో సర్జన్ చెప్పినది ఫ్లాప్. ఇందులో కారిడాకిస్, లింబర్గ్, క్లెఫ్ట్ లిఫ్ట్ అనే పేర్లు వింటారు. కారిడాకిస్ గ్రీకు సైన్యంలో సర్జన్. కోతని పక్కకి జరిపి, చీలిక లోతు తగ్గించి, వెంట్రుక దూరడానికి చోటే లేకుండా చేయాలన్నది ఆయన ఆలోచన, 1973లో ప్రచురించాడు. తర్వాత 6,000 మందికి పైగా పేషెంట్లలో తిరగబెట్టింది వందకి ఒకరికేనని రాశాడు. మామూలు చేతుల్లో అంత గొప్ప ఫలితం రాకపోవచ్చు గానీ ఆలోచన నిలిచింది. లింబర్గ్‌లో వజ్రం ఆకారంలో జబ్బు భాగం తీసి, పక్క పిరుదు నుంచి చర్మాన్ని కొవ్వుతో సహా తిప్పి ఆ ఖాళీలో కూర్చోబెడతారు. మచ్చ పెద్దగా, వంకరగా ఉంటుంది, ఫ్లాప్ మీద కొన్నాళ్ళు తిమ్మిరిగా ఉంటుంది. ఎప్పుడూ బట్టల కింద ఉండే చోటే కాబట్టి చాలామంది పట్టించుకోరు, కొందరు పట్టించుకుంటారు. ముందే ఫోటో చూపించమని అడగండి. అన్నీ సవ్యంగా ఉంటే మూడు నాలుగు వారాల్లో మామూలు పనుల్లో పడతారు.

మూడోది లేజర్. దీని పక్కనే చిన్న పద్ధతులు ఇంకొన్ని ఉన్నాయి: గుంటల్ని మాత్రం గింజంత కోసి తీసేయడం, సన్నని కెమెరా దూర్చి లోపల శుభ్రం చేసి కాల్చడం, ఫినాల్ అనే మందు పెట్టడం. కోత చిన్నది, నొప్పి తక్కువ, త్వరగా తిరగొచ్చు. ఒకటి రెండు గుంటలు, చిన్న బొరియ ఉన్నవాళ్ళకి మొదట ఇవే ప్రయత్నించడం తెలివైన పనే. కానీ పెద్ద ఆపరేషన్ల కంటే తిరగబెట్టడం ఎక్కువ, ఒక్కోసారి రెండోసారి చేయాల్సి వస్తుంది. నాకు కోపం తెప్పించేది లేజర్ కాదు, 'ఒక్క రోజులో అయిపోతుంది' అన్న మాట. అయిపోయేది ఆపరేషన్. లోపల మానడానికి వారాలే పడుతుంది, రసి కారుతూనే ఉంటుంది, వెంట్రుకల జాగ్రత్త ఎవరికైనా తప్పదు.

నన్ను బలవంతంగా చెప్పమంటే: మీ తమ్ముడికి ఒకటి రెండు గుంటలు, చిన్న బొరియ అయితే చిన్న పద్ధతి. గుంటలు ఎక్కువ ఉండి, పక్కకి కూడా నోరు తెరుచుకుని ఉంటే, అనుభవం ఉన్న చేతుల్లో ఫ్లాప్. సర్జన్‌ని 'ఈ ఆపరేషన్ మీరు తరచుగా చేస్తారా' అని అడగడం తప్పు కాదు. మంచి సర్జన్లు ఆ ప్రశ్నకి నొచ్చుకోరు.

ఆపరేషన్ తేదీ పడగానే మొదటి పని, సిగరెట్ ఉంటే ఆపించండి. పొగ తాగేవాళ్ళ పుండు వేరుగా కనిపిస్తుంది, కండ పాలిపోయి, వారాల తరబడి కదలకుండా కూర్చుంటుంది. షుగర్ ఒకసారి చూపించండి. మలబద్ధకం ఉంటే ముందే సరిచేయండి, ఎందుకంటే కొన్ని నొప్పి మాత్రలు దాన్ని పెంచుతాయి.

ఇప్పుడు మీరు భయపడుతున్న డ్రెస్సింగ్ సంగతి. ఓపెన్ పుండు అనుకుని చెప్తాను, అదే కష్టమైనది.

మొదటిసారి చూసినప్పుడు గుండె జారుతుంది. ఇంత గుంతా అనిపిస్తుంది. రెండు మూడు రోజులు ఆసుపత్రిలో మా పక్కన నిలబడి చూసి, నాలుగో రోజు మా ముందు మీరు చేసి, తర్వాతే ఇంట్లో మొదలుపెట్టండి. అక్క చేత చేయించుకోవడానికి అతనికి సిగ్గయితే నాన్నగారో స్నేహితుడో నేర్చుకోవచ్చు, ఆ సిగ్గుని తేలిగ్గా తీసుకోకండి. సిగ్గువల్ల డ్రెస్సింగ్ ఎగ్గొట్టే కుర్రాళ్ళు ఎక్కువ.

డాక్టర్ రాసిన నొప్పి మాత్ర అరగంట ముందు వేయండి. తర్వాత పాత డ్రెస్సింగ్‌తోనే షవర్ కిందకి పంపండి. తడిసి నానితే అదే జారి వస్తుంది, ఎండిన గాజ్‌ని పీకితే కొత్తగా పట్టిన కండ కూడా దానితో ఊడి వస్తుంది. చేతి షవర్‌తో ధార నేరుగా గుంతలోకి పడేలా రెండు మూడు నిమిషాలు కడగాలి. నీళ్ళు తగలకూడదని ఎవరో చెప్పారని రాశారు. ఓపెన్ పుండుకి అది తప్పు. తాగడానికి పనికొచ్చే శుభ్రమైన కుళాయి నీళ్ళు సెలైన్‌తో సమానంగా పనిచేస్తాయి. మలవిసర్జన తర్వాత కూడా ఇలాగే కడగాలి, అందుకే డ్రెస్సింగ్ టైము దాని తర్వాత పెట్టుకుంటే రోజుకి ఒక్కసారితో పోతుంది. సబ్బు చుట్టూ చర్మానికే, గుంతలోకి వద్దు. హైడ్రోజన్ పెరాక్సైడ్, చిక్కటి యాంటీసెప్టిక్ రోజూ పోస్తే క్రిములతో పాటు కొత్త కండా చస్తుంది. పొడులు, పసర్లు అసలే వద్దు, అవి గుంతలో ఉండలు కట్టి అక్కడే కుళ్ళుతాయి.

కడిగాక పక్కకి తిరిగి పడుకోమనండి, మోకాళ్ళ మధ్య దిండు. పైన ఉన్న పిరుదుని అతని చేత్తోనే పైకి ఎత్తి పట్టుకోమంటే మీ రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. తలకి తగిలించుకునే టార్చి ఉంటే ఇంకా మంచిది. ఏం పెట్టేముందైనా చూడండి. చూడటమే అసలు పని. అంచుల్లో, అడుగున వెంట్రుక కనిపిస్తే శుభ్రమైన ట్వీజర్‌తో తీసేయండి. పుండు మానడం ఆగిపోయిందని వచ్చే వాళ్ళలో ఎంతోమందికి నేను చేసింది ఒకే ఒక్క వెంట్రుక తీయడం.

గుంతలో పెట్టేది ఆల్జినేట్ గానీ హైడ్రోఫైబర్ గానీ అయితే రసిని పీల్చి జిగురుగా మారుతుంది, తీసేటప్పుడు బాధ ఉండదు. అవి లేకపోతే సెలైన్‌లో తడిపి పిండిన మామూలు గాజ్ చాలు. ఏదైనా వదులుగా, అడుగు దాకా తగిలేలా పరవాలి. సంచిలో బియ్యం కూరినట్టు కూరకూడదు. ఈ తప్పు ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే చేశాను. గట్టిగా నింపితే రసి బయటికి రాదు, కండకి రక్తం సరిగ్గా అందదు, గుంత ఆ గాజ్ సైజులోనే ఉండిపోతుంది. మా సీనియర్ సిస్టర్ ఒకావిడ చూసి, 'గాజ్ పెట్టేది గుంత నింపడానికి కాదమ్మా, గోడలు కలవకుండా ఉంచడానికి' అన్నారు. ఒకే పొడవాటి గాజ్ వాడి, కొస బయటికి వదలండి. చిన్న ముక్కలు పెడితే ఒకటి లోపల మర్చిపోవడం ఖాయం.

పైన మందపాటి ప్యాడ్. టేప్‌ని నిలువుగా కాక అడ్డంగా, పిరుదుల మీదకి అతికించండి. లాగి అతికిస్తే చర్మం బొబ్బలెక్కుతుంది. కింది కొసన, మలద్వారం వైపు, టేప్ నిలవదు, ఎవరు అతికించినా నిలవదు. బిగువైన లోదుస్తులే దాన్ని పట్టి ఉంచాలి. పుండు కూడా ఆ కింది కొసన చివరగా మానుతుంది, కాబట్టి పై భాగం మూసుకుని కిందది మిగిలిందని దిగులు వద్దు.

రోజులు గడిచేకొద్దీ ఏది మంచి రంగు, ఏది చెడ్డ రంగు అన్నది అలవాటవుతుంది. ఎర్రగా, తడిగా, గింజలు గింజలుగా కనిపిస్తే కండ బాగా పడుతోందని. పల్చటి పసుపు పొర ఉంటే కంగారు వద్దు, అది చాలాసార్లు చీము కాదు, కడుగుతూ ఉంటే పోతుంది. ముదురు ఎరుపుకి తిరిగి, ముట్టుకుంటే చాలు రక్తం వచ్చి, వాసన మొదలైతే లోపల వెంట్రుకో ఇన్‌ఫెక్షనో ఉన్నట్టు. కండ చర్మం మట్టం దాటి పుట్టగొడుగులా పొంగితే చర్మం దాని మీదకి ఎక్కలేదు, డ్రెస్సింగ్ రూములో సిల్వర్ నైట్రేట్ తాకిస్తారు, రెండు మూడు సార్లకి అణుగుతుంది. అన్నిటికంటే మోసపూరితమైనది పైన మూసుకుపోవడం. రెండు అంచులూ మధ్యలో వంతెనలా అతుక్కుంటాయి, ఇంట్లో అందరూ మానిపోయిందని సంతోషిస్తారు, కింద డొల్ల అలాగే ఉంటుంది. నెల తిరక్కుండా మళ్ళీ గడ్డ. ఆ అతుకు పల్చగా ఉన్నప్పుడే వస్తే మేం వేలితో విడదీస్తాం. మీరు మాత్రం ఇంట్లో పుల్లలు పెట్టి పొడవకండి.

వారానికి ఒకసారి, ఒకే రోజు, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు. ముందు లోతు తగ్గుతుంది, పొడవు తర్వాత. రెండు మూడు వారాల ఫోటోలు పక్కపక్కన పెట్టినా తేడా లేకపోతే తీసుకెళ్ళి చూపించండి.

ఫ్లాప్ అయితే ఈ గొడవ చాలా వరకు ఉండదు, దాని నియమాలు వేరు. డ్రెయిన్ గొట్టం పెడితే అందులో వచ్చే ద్రవం రోజుకి 20-30 మిల్లీలీటర్ల లోపు పడిపోయాక తీస్తారు. గొట్టం లాగకుండా నడుముకి పిన్ను పెట్టుకోవాలి. కుట్లు 10 నుంచి 14 రోజులకి. మొదటి రెండు వారాలు ఫ్లాప్ మీద బరువు వేసి కూర్చోకుండా బోర్లా లేదా పక్కకి పడుకోమంటారు. దీని మీద సర్జన్ల మాటలు కాస్త అటూఇటూగా ఉంటాయి, మీ సర్జన్ మాటే వినండి. గొంతుక్కూర్చోవడం, బూట్ల లేసులు కట్టుకోవడానికి ముందుకి వంగడం, బరువులెత్తడం వద్దు, ఇవన్నీ కుట్లని రెండు పక్కలకీ లాగుతాయి. స్నానం ఎప్పటి నుంచో వాళ్ళే చెప్తారు. కింది మూలన ఒక సెంటీమీటరు విచ్చుకోవడం మామూలే, డ్రెస్సింగులతో మానుతుంది. కుట్ల కింద మెత్తగా ఉబ్బి, నొక్కితే నీళ్ళు కదిలినట్టుంటే ద్రవం చేరినట్టు, అది చూపించాలి.

ఏ పద్ధతైనా సరే, జ్వరం, రోజురోజుకీ తగ్గాల్సింది పోయి పెరుగుతున్న నొప్పి, చుట్టూ పాకే ఎరుపు, కంపు కొట్టే చీము, పది పదిహేను నిమిషాలు నొక్కి పట్టినా ఆగని రక్తం ఉంటే మర్నాటి దాకా ఆగకండి.

వెంట్రుకల గురించి మళ్ళీ చెప్తాను, విసుక్కోకండి. పుండు మానే దాకా చుట్టూ రెండంగుళాల మేర వెంట్రుకలు పొట్టిగా ట్రిమ్మర్‌తో కత్తిరించి, వెంటనే కడిగేయాలి, లేకపోతే ఆ ముక్కలే గుంతలో పడతాయి. పూర్తిగా మానాక వెంట్రుకలు తీసే క్రీము వాడొచ్చు, ముందు తొడ మీద కాస్త రాసి చూసుకుని. బ్లేడుతో గీకడం నాకిష్టం లేదు. చర్మం గీసుకుపోతుంది, మొలిచే మొలకలు మొనదేలి ఉంటాయి, ఏళ్ళ తరబడి బ్లేడు వాడినవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా కనిపించిందని కూడా చదివాను. స్తోమత ఉంటే లేజర్‌తో వెంట్రుకలు తగ్గించుకోవడం మేలు. దీన్ని ఆపరేషన్ లేజర్‌తో కలిపేసుకోకండి, రెండూ వేరు. వెంట్రుకల లేజర్‌కి ఒక్క సిట్టింగ్ చాలదు, నెలా రెండు నెలల ఎడంతో చాలాసార్లు వెళ్ళాలి.

మూడు నెలలు దాటినా పుండు మూసుకోకపోతే డ్రెస్సింగ్ రకాలు మార్చుకుంటూ కూర్చోకండి. ఒక కుర్రాడు తొమ్మిది నెలలు ఒకచోట డ్రెస్సింగులు చేయించుకుని మా దగ్గరికి వచ్చాడు, ఎవరూ ఒక్కసారి కూడా అడుగు దాకా చూడలేదు. వెంట్రుకలు, షుగర్, పొగ చూసుకోవాలి. ఇది అసలు పైలోనిడలేనా, మలద్వారం దగ్గర నుంచి చర్మం దాకా దారి పడే ఫిస్టులానా అన్నది తేల్చుకోవాలి, అనుమానముంటే ఎమ్మారై తీస్తారు. అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. దశాబ్దాల తరబడి కారుతూ ఉన్న పుండ్లలో చాలా అరుదుగా క్యాన్సర్ రావచ్చు, మీ తమ్ముడి వయసులో, రెండు నెలల జబ్బుకి ఆ భయం అక్కర్లేదు. ఇవేవీ కాకుండా చీలిక లోతు వల్లే మానకపోతుంటే ఆ లోతు తగ్గించే క్లెఫ్ట్ లిఫ్ట్ ఆపరేషన్ చేస్తారు. పెద్ద గుంతలకి గాలిని పీల్చే వ్యాక్ మిషన్ పెట్టడం కూడా ఉంది, దాన్ని ఆ చోట గాలి పోకుండా అతికించడం ఒక పెద్ద యుద్ధం.

పరీక్ష సంగతి. పది వారాలున్నాయి. ఈ వారమో వచ్చే వారమో ఫ్లాప్ చేయించుకుంటే, అంతా బాగుంటే అప్పటికి మామూలుగా కూర్చోగలడు, కాకపోతే మొదటి రెండు మూడు వారాల చదువు బోర్లా పడుకునో నిలబడో సాగాలి. ఓపెన్ అయితే పరీక్ష నాటికి పుండు ఇంకా ఉండొచ్చు, అయినా కూర్చోవడానికి అడ్డం కాదు. పుండు ఉండేది తోక ఎముక మీద, నిటారుగా కూర్చుంటే బరువు పడేది దానికంటే ముందున్న ఎముకల మీద. వెనక్కి జారగిలబడితేనే పుండు మీదకి వస్తుంది. మూడో దారి ఒకటుంది, సర్జన్‌ని అడగండి. ఇప్పుడు జ్వరం, నొప్పి లేవు, రసి కారి బయటికి పోతోంది, కాబట్టి ఇది అత్యవసరం కాదు. వెంట్రుకలు తీసుకుంటూ, రోజూ కడుక్కుంటూ పరీక్ష అయ్యాక చేయించుకోవచ్చా అని. మధ్యలో గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది, అది మీరు తెలిసి తీసుకునే ప్రమాదం. ఏ దారి ఎంచుకున్నా పరీక్ష హాల్లో మధ్యలో రంధ్రం ఉన్న రింగు దిండు వద్దు, అది పిరుదుల్ని రెండు పక్కలకీ లాగుతుంది. గట్టి కుర్చీలో కాస్త ముందుకి వంగి, బరువు తొడల మీద వేసి కూర్చోమనండి. మధ్యమధ్యలో ఒక్క క్షణం లేచి మళ్ళీ కూర్చుంటే చాలు, ఇన్విజిలేటర్‌కి ముందే ఒక మాట చెప్పి ఉంచితే సరి.